పదహారో తాడు

మా మామ రాజమల్లుకు కూర్చోవడం రాదు. పెళ్లయిన కొత్తలో నేను సిరిసిల్ల వెళ్తే నాకు కుర్చీ వేసి, తాను దాని చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. "అల్లుడు, బస్సు దొరికిందా? మీ అవ్వ బాపు మంచిగున్నరా? కోరుట్లల వానలు పడ్డయా?" ఒక్కో ప్రశ్న ఒక్కో పక్క నుంచి వచ్చేది. ఆయన వంక చూసి జవాబు చెబుదామంటే నాకు మెడ పట్టేసింది. "గాయిన గంతే. పద్నాలుగో ఏట సాంచె కాడ నిలవడ్డడు, ఇంకా కూసోలే" అంది మా అత్త.

సాంచె అంటే సిరిసిల్లలో మరమగ్గం. ఆయన తండ్రి చేతిమగ్గం మీద నేశాడు, ఈయన కరెంటు మగ్గం మీద. నాలుగు సాంచెల మధ్య రోజుకు పన్నెండు గంటలు తిరగడం, ఎక్కడ పోగు తెగినా ఆపి అతికి మళ్లీ నడపడం, నలభై నాలుగేళ్లుగా ఇదే పని. ఆ చప్పుడులో బతికి బతికి ఊరంతా గట్టిగానే మాట్లాడుతుంది. మొదట్లో నేను కొట్లాటలనుకుని రెండు మూడు సార్లు విడిపించబోయాను కూడా. వాళ్లు కూరగాయల ధర మాట్లాడుకుంటున్నారు.

ఇక మామ నోరు సంగతి వేరే చెప్పాలి. తిట్టడంలో ఆయనకు సాటి లేదు. ఎదుటివాడి నడక, తిండి, నిద్ర, వాడి మేనమామ, ఏదీ వదలడు. కానీ ఆ నోరు నా ముందు తెరుచుకునేది కాదు. నాతో ఎప్పుడూ మీరు, రాండ్రి, కూసోండ్రి, అంతే. నాలుగేళ్లలో నన్ను ఒక్క మాట అన్నది లేదు. నేనేదో గొప్పవాణ్నని, అందుకే ఇంత మర్యాదని అనుకునేవాణ్ని. ఎరువుల దుకాణం నడిపేవాడికి ఆ మాత్రం గర్వం ఉంటుంది లెండి.

షిఫ్టు దిగాక ఆయనకున్న ఒకే ఒక్క పిచ్చి జడకోలాటం. పైన ఒక చక్రం కట్టి దానికి పదహారు రంగుల తాళ్లు వేలాడదీస్తారు. పదహారు మంది ఎడమ చేత్తో తాడు, కుడి చేత్తో కోల పట్టుకుని గుండ్రంగా ఆడతారు. ఎనిమిది మంది ఇటు, ఎనిమిది మంది అటు. ఎదురొచ్చిన మొదటి మనిషిని లోపలి నుంచి దాటితే రెండో మనిషిని బయటి నుంచి దాటాలి. పాట సాగే కొద్దీ పైన జడ అల్లుకుంటూ వస్తుంది. అప్పుడు పాడేవాడు తాళం మార్చి మలుపు ఇస్తాడు. అందరూ వెనక్కి తిరిగి, వచ్చిన దారినే దాటుకుంటూ జడ విప్పాలి. అల్లడం ఎవరైనా అల్లుతారు, విప్పడంలోనే ఉంది అసలు కష్టం. ఇద్దరు ఒక్కసారి దారి మార్చుకున్నా కాసేపటికి పైన ముడి బిగిసి పదహారు మందీ ఎక్కడివాళ్లక్కడే ఆగిపోతారు.

జగిత్యాలలో ప్రతి మాఘమాసం ఆటల నెల చేస్తారు. నెల పొడుగునా రోజూ సాయంత్రం ఐదింటికి ఏదో ఒక ఊరి ఆట. ఒకరోజు ఒగ్గు డోలు, ఒకరోజు చిరుతలు, ఒకరోజు డప్పులు, బీర్పూర్ ఆడవాళ్ల కోలాటం, ఇలా. మామ బృందం మొదటి ఏడు నుంచీ వెళ్తోంది. నిరుడు మాత్రం మనుషులు చాలక పన్నెండు తాళ్లతో వెళ్లారు. అది చూసి కమిటీవాళ్లు ఈ ఏడు గట్టిగా చెప్పేశారు. పదహారు తాళ్లు కట్టాలి, అల్లాలి, విప్పాలి. లేదంటే వచ్చే ఏడు పేరు ఉండదు. మామ కిందా మీదా పడి పదహారు మందిని కూడగట్టాడు. సరిగ్గా పద్నాలుగు రోజుల ముందు మధు అనే పిల్లాడికి దుబాయి వీసా వచ్చింది. వాడు సంచి సర్దుకున్నాడు.

ఆ మర్నాడు మామ కోరుట్లలో మా దుకాణానికి వచ్చాడు. చెప్పాపెట్టకుండా రావడం అదే మొదటిసారి. యూరియా బస్తాల చుట్టూ గంటసేపు తిరిగాడు. "ఏంది మామా?" అన్నాను. "ఏం లేదు అల్లుడు, ఊకె అచ్చిన" అన్నాడు. మళ్లీ తిరిగాడు. నీళ్లు తాగి బస్సెక్కి వెళ్లిపోయాడు. సాయంత్రం నా భార్య సుస్మిత నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "మా బాపు నిన్ను అడగలేక అడగలేక పోయిండు. పదహారో తాడు నువ్వు పట్టాలె."

రెండో పంట యాసంగి నాట్లయిపోయి యూరియా కోసం రైతులు బారులు తీరే రోజులు. అయినా ఒప్పుకున్నాను. వినాయకుని నిమజ్జనంలో కోరుట్ల బస్టాండు నుంచి చెరువు దాకా ఆగకుండా ఆడినవాణ్ని, కోలాటం ఒక లెక్కా అనుకున్నాను. దుకాణం తమ్ముడికి అప్పజెప్పి సిరిసిల్ల వెళ్లాను.

సాంచెల షెడ్డు వెనక ఖాళీ జాగాలో ఆట. మామ నడుమ నిలబడి కాదు, తానూ ఒక తాడు పట్టుకుని ఆడుతూనే తిట్టేవాడు. "ఓ రమేశ్, కాళ్లు ఇంటికాడ పెట్టి అచ్చినవారా? గట్ల గుంజుతవేంది, అది బర్రె పలుపు అనుకున్నవా?" అందరికీ పడేది. నాకు మాత్రం, "అల్లుడు మంచిగ ఆడుతుండ్రు" అని ఒక నవ్వు. కాసేపటికి, "జర చాయ్ తాగుదాం రాండ్రి అల్లుడు" అని నా భుజం మీద చెయ్యి వేసి రోడ్డు మీది హోటలుకు తీసుకెళ్లేవాడు. ఒక సాయంత్రం నాలుగు చాయ్‌లు, ఇంకో సాయంత్రం ఆరు. అక్కడా కూర్చునేవాడు కాదు, గ్లాసు పట్టుకుని బల్ల చుట్టూ తిరిగేవాడు. ఇటు తమ్ముడు ఫోన్ల మీద ఫోన్లు. అన్నా, లారీ రాలే. అన్నా, జనం లొల్లి చేస్తుండ్రు. నాకు కాళ్ల కింద నిప్పులున్నట్టుండేది. అయినా ఆట మాత్రం వచ్చేసిందని నాకు గట్టి నమ్మకం. ఎదురొచ్చినవాళ్లతో ఒక్కసారి కూడా గుద్దుకోలేదు మరి.

ఎనిమిదో రోజు చాయ్ మధ్యలో ఫోను షెడ్డు దగ్గరే మరిచానని గుర్తొచ్చి, మామ వద్దంటున్నా వెనక్కి పరుగెత్తాను. చూద్దును కదా, పద్నాలుగు మంది తాళ్లు భుజాన వేసుకుని నిలబడి ఉన్నారు. పాట పాడే ఆనందం, అరవై ఏళ్ల పెద్దమనిషి, స్టూలెక్కి నెత్తి మీది పెద్ద ముడిని వేళ్లతో విప్పుతున్నాడు. రమేశ్ విసుక్కుంటున్నాడు, "ఆనందం కాకా, జల్ది ఇప్పు. అల్లుడు గింకో చాయ్ తాగి రావాలె దేవుడా!"

నన్ను చూసి అందరూ తలలు దించుకున్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏంది కాకా ఇది?"

ఆనందం స్టూలు దిగాడు. దాచడం ఆయన వల్ల కాలేదు. "బిడ్డా, నువ్వు రోజూ తప్పుతున్నవ్. నువ్వు ఏ దారిన అస్తే ఎదుటోడు రెండో దారిన పోవాలె, అల్లుని గుద్దొద్దు అని మీ మామ మాకు జెప్పిండు. ముడి పడంగనే నిన్ను చాయ్‌కు తీస్కపోతడు. మేం ఇప్పుకుంటం."

తల కొట్టేసినట్టయింది. ఎనిమిది రోజులు! ఊరంతా నన్ను చిన్నపిల్లాడిలా ఆడించింది. "మామకు నోరు లేదా? అందర్నీ తిట్టే మనిషి నన్ను ఒక్క మాట అనొద్దా? నేనేమన్న మన్ను బొమ్మనా?" అని అరిచాను.

"అనలేడు బిడ్డా" అన్నాడు ఆనందం. "ఒక్కసారి అన్నడు, ఆయిన బావను. ఇరవై రెండేండ్లయింది."

అప్పుడు చెప్పాడు. మామకు ఒక్కతే చెల్లెలు, రాజవ్వ. ఆమె భర్త లక్ష్మీరాజం కూడా సాంచెల మనిషే, కోలాటంలో మామకు జోడీ. ఒకసారి వీధి జనమంతా చూస్తుండగా జడ విప్పేటప్పుడు ముడి పడింది. మామ అందరి ముందు బావ మీద లేచాడు. "లోపటి దారి ఏదో బయటి దారి ఏదో తెల్వదు. నా చెల్లెను ఎట్ల ఏలుకుంటవ్ రా నువ్వు?" అన్నాడు.  లక్ష్మీరాజం తాడు వదిలి, కోల కింద పెట్టి, భార్యను తీసుకుని వెళ్లిపోయాడు. వారం తిరగకుండా, మరమగ్గాల పని దొరికే దూరపు ఊరు భీవండికి బస్సెక్కారు. మళ్లీ రాలేదు. మా పెళ్లికి సుస్మిత మేనత్తగా ఆమె నుంచి ఎవరి చేతనో ఒక చీర మాత్రం వచ్చింది. "మల్ల గిట్ల నోరు జారితే బిడ్డ సంసారం ఏమైతదోనని భయం. గందుకే నీ ముందట నాలుక కొరుక్కుంటడు" అన్నాడు ఆనందం.

ఆ మాట విన్నాక మామ మీద కోపం పోయింది కానీ నా మీద నాకు మొదలైంది. రాత్రి బస్సుకే కోరుట్ల వచ్చి సుస్మితకు చెప్పాను. ఆమె పడీ పడీ నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, మర్నాడు పొద్దున్నే వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలు గుండ్రంగా వేసింది. చిన్నప్పటి నుంచి చూసి చూసి ఆమెకు ప్రతి దాటూ కంఠస్థం.

"ఇది మనిషి అనుకో. లోపటికెల్లి పో. ఇగ ఇది బయటికెల్లి. అయ్యో, గది బయటనా? కోరుట్లల బయటిని లోపల అంటరా?"

మా అమ్మ చూస్తోంది, పక్కింటివాళ్లు చూస్తున్నారు, నేను కుర్చీల చుట్టూ తిరుగుతున్నాను. సుస్మిత తిట్టిన తిట్లు చూస్తే ఎవరి బిడ్డో తెలిసిపోయింది. కానీ ఎంత హాయిగా ఉందో! తిడుతుంటేనే తప్పు ఎక్కడుందో తెలుస్తోంది. పొద్దున కుర్చీలు, సాయంత్రం సిరిసిల్లలో తాళ్లు. రెండు రోజులకు చాయ్‌లు తగ్గి, నాలుగో రోజుకు పూర్తిగా బందయ్యాయి. జడ అల్లి విప్పి నిలబడితే మామ నా దగ్గరకొచ్చి, "మంచిగచ్చింది అల్లుడు" అన్నాడు. ఈసారి నవ్వలేదు. నిజంగానే వచ్చిందని అప్పుడు నమ్మాను.

మా రోజు వచ్చింది. బస్సులో జగిత్యాల దాకా మామ కూర్చోలేదు. ముందు సీటు నుంచి వెనక సీటుకు, వెనక నుంచి ముందుకు. "పెద్దమనిషీ, నువ్వు బస్సుల పోతున్నవా, నడిచి పోతున్నవా?" అని కండక్టరు అడిగాడు. ఎవరూ నవ్వలేదు. అందరిదీ అదే ఆలోచన. విప్పగలమా?

మైదానంలో ఈ ఏడు కొత్తగా చెక్కల వేదిక, దాని మీద ఎర్ర తివాచీ. మామ ఎక్కి పాదంతో రెండు సార్లు తట్టి చూశాడు. మొహం కాస్త మారింది. "కింద మట్టి ఉంటే మంచిగుండు" అన్నాడు. ఎందుకో నేను అడగలేదు. ముందు వరసలో సుస్మిత, అత్త. జనం బాగానే ఉన్నారు. పక్కన ధర్మపురి బృందం గజ్జెలు కట్టుకుని తమ వంతు కోసం నిలబడింది.

ఆనందం పాట ఎత్తాడు, పక్కన డోలు మోగింది. కోలలు కలిశాయి. లోపల, బయట, లోపల, బయట. నేను మనుషుల మొహాలు చూడటం మానేసి కుర్చీలనుకుని దాటుతున్నాను. పైన జడ అల్లుకుంటూ జానెడు, మూరెడు, రెండు మూరలు దిగింది. జనం చప్పట్లు కొట్టారు. ఆనందం తాళం మార్చి మలుపు ఇచ్చాడు. అందరం తిరిగాం, మామ మమ్మల్ని చూసి ఒక్క క్షణం ఆలస్యంగా తిరిగాడు.

నాకు ఎదురుగా మామ. ఆ దాటుకు లోపలి దారి నాది. కానీ మామ నేరుగా లోపలికే వస్తున్నాడు. ఆపడానికి టైము లేదు. ఆయన గురువు, ఆయనకు తెలియనిదా, నేనే పొరపాటు పడ్డానేమో అనుకుని బయటికి తప్పుకున్నాను. ఇంకో నాలుగు దాట్లు బాగానే సాగాయి. తర్వాత నా చేతిలో తాడు బిగుసుకుంది. పక్కవాడిదీ బిగుసుకుంది. పైన ముడి. పదహారు మందిమి ఆగిపోయాం.

పాట ఆగింది. బృందం అంతా నా వైపే చూసింది. ఎందుకు చూడదు, ఎనిమిది రోజులు తప్పినవాణ్ని.  లోపలి దారి నాదేనా? నాదే కదా? మలుపుకు ముందు నేను బయటి నుంచి దాటానా, లోపలి నుంచా? సుస్మిత కుర్చీలన్నీ బుర్రలో గిర్రున తిరిగాయి. ఒక్క క్షణం కింద గట్టిగా తెలిసింది కాస్తా ఇప్పుడు ఏమీ తెలియడం లేదు. నేనే తప్పానని చెప్పేద్దామా అనిపించింది. చెబితే అందరికీ సుఖం. కొత్తవాడు, పోనీలే అంటారు.

మామ తలెత్తి ముడిని చూస్తున్నాడు. తెగిన పోగు ఎక్కడుందో వెతికే చూపు అది. పెదాలు కదులుతున్నాయి, దాట్లు లెక్కపెడుతున్నాడు. లెక్క ఎక్కడో ఆగింది. నా వైపు చూశాడు. తన తాడు రమేశ్ చేతిలో పెట్టి, ఆనందం దగ్గరకు నడిచి మైకు తీసుకున్నాడు.

"తప్పింది అల్లుడు గాదు" అన్నాడు. గొంతు మైదానమంతా మోగింది. "నేను తప్పిన. లోపటి దారి అల్లునిది, నేను జొచ్చిన. ఆనందం తాళం మల్పింది నాకు వినవడలే. రెండేండ్ల సంది నాకు పాట వినవడ్తలేదు. మాటలైతే పెదాలు చూసి పట్టుకుంటున్న. మట్టి మీదైతే డోలు దెబ్బ కాళ్లకు తెలుస్తది, ఈ చెక్కల మీద తెలుస్తలేదు. మీకెవ్వలకు చెప్పలే. చెప్తే ఆట బంద్ చేపిస్తరని చెప్పలే."

అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. రెండేళ్లుగా పక్కనే ఉన్న మనిషికి కూడా తెలియదన్నమాట. మామ మైకు ఇచ్చేసి, తన తాడు మళ్లీ పట్టుకుని ముడి కిందకు వచ్చాడు. "ఎవ్వలు తాడు ఇడువద్దు. కోయొద్దు. రమేశ్, రెండడుగులు ఎన్కకు. అల్లుడు, మీరు..." ఆగాడు. "అల్లుడు, మీరు నా బయటికెల్లి రాండ్రి, మల్ల లోపటికెల్లి పోండ్రి." ఒక్కొక్కరినీ పిలిచి, ఒక్కో దాటు వెనక్కి నడిపించి, తాళ్లు ఊపి ముడి వదులు చేస్తూ, పావుగంట పట్టింది. కమిటీ మనిషి గడియారం చూపించాడు. ధర్మపురివాళ్లే, పోనియ్యండ్రి, మేం ఆగుతం అన్నారు. ఆఖరి తాడు విడిపోయి తిన్నగా వేలాడింది. చప్పట్లు కొట్టారు కానీ మామ చూడలేదు. వచ్చే ఏడు జాబితాలో మా పేరు ఉంటుందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

వేదిక వెనక ఆయన నా చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. ఒక చుట్టు, రెండు చుట్లు. నాకు ఓపిక చచ్చింది. "ఏంది మామా, చెప్పండ్రి!"

"భీవండికి ఫోన్ కలపాలె అల్లుడు. సుస్మిత తాన నెంబరుంటది." ఆగి, నా మొహం చూడకుండా అన్నాడు, "గా దినం గూడ నేనే తప్పిన. ముడి దిక్కు చూడంగనే నాకు ఎరికైంది. గప్పుడు చెవులు మంచిగనే ఉన్నయ్, నోరే మంచిగ లేకుండె."

 తెలిసీ తిట్టాడు. తెలిసీ ఇరవై రెండేళ్లు ఊరుకున్నాడు. కోపం రావాల్సిందే, వచ్చింది కూడా. కానీ ఆయన తిరగడం ఆపి నా ముందు నిలబడి ఉన్నాడు. సుస్మితను పిలిచి నెంబరు కలిపాను. అటు ఎవరో ఎత్తారు. వెనకాల సాంచెలు గట్టిగా మోగుతున్నాయి.

"లక్ష్మీరాజం మామేనా? నేను సుస్మిత పెనిమిటిని, కోరుట్ల ప్రేమ్‌కుమార్‌ను. మా మామ మాట్లాడుతడట" అన్నాను. జవాబు రాకముందే మామ ఫోను లాక్కున్నాడు.

"బావా, రాజమల్లును. గా దినం తప్పింది నువ్వు గాదు. నేను. నాకు గప్పుడే ఎరికే. నోటికెల్లి రాలే బావా. నిన్ను అనరాని మాట అన్న." అనేసి, ఫోను మళ్లీ నా చేతిలో పెట్టాడు. "ఏమంటుండో ఇనుండ్రి. నాకు వినవడది."

ఫోను చెవికి గట్టిగా అదుముకున్నాను.  సాంచెల చప్పుడు మధ్య ఒక గొంతు మెల్లగా అడిగింది.

"తప్పింది నాలుగో దాటు కాడ గదా?"

మామ చెవి దగ్గర అరిచాను, "నాలుగో దాటా అని అడుగుతుండు!" మామ తల ఊపాడు. నాలుగు వేళ్లు చూపించాడు, ఫోనులో ఆ మనిషికి కనబడతాయన్నట్టు. "నాలుగోదే అంటుండు" అన్నాను నేను.

"లోపటి దారి నాదే గదా?" అంది ఆ గొంతు. "అడుగు బిడ్డా. గదొక్కటి అడుగు."

అడిగాను. మామ ఫోను దగ్గరకు వంగి, మైదానంలో జనం వెనక్కి తిరిగి చూసేంత గట్టిగా అరిచాడు. "నీదే బావా! లోపటి దారి నీదే!"

అటు పక్క సాంచె ఆగింది. తర్వాత ఇంకోటి ఆగింది. ఆ నిశ్శబ్దంలో, ఫోను పక్కన పెట్టినట్టున్నాడు, లక్ష్మీరాజం ఇంట్లోకి కేకేయడం నాకు స్పష్టంగా వినిపించింది.

"రాజవ్వా! ఓ రాజవ్వా! జర ఇటు రా. లోపటి దారి నాదేనటనే!"